రాయబారి గారి మేకు

భిలాయి మొత్తం మీద అఫ్గాన్ రాయబారితో ఒకే సాసర్‌లో టీ తాగిన తెలుగువాడు యుగంధర్ ఒక్కడే. ఈ మాట చెప్పింది యుగంధరే కాబట్టి సాక్షులు అక్కర్లేదు. నిజానికి అతను పుట్టాక చూసిన ఏకైక అఫ్గానీ ఇంగువ డబ్బా మీది బొమ్మ. అదీ తలపాగా దాకానే. కింది సగం మీద షాపువాడు రేటు చీటీ అంటించేశాడు.

సంగతి ఎలా మొదలైందంటే, బీఎస్సీ రెండో ఏడు తప్పిన యుగంధర్ కాలేజీ మానేసి మ్యాట్నీలు చూస్తున్నాడని వైశాలి నగర్‌లో ఉండే తులసమ్మ పెద్దమ్మకు అనుమానం వచ్చింది.

"ఏటిరా, పగలంతా ఎక్కడ తిరుగుతున్నావు?"

"స్టీల్ ప్లాంటు గెస్ట్‌హౌస్‌లో అఫ్గాన్ రాయబారి దిగాడు పెద్దమ్మా. రష్యా ఇంజనీర్ల దోస్తు. ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను. బయట చెప్పకు, దేశ రహస్యం."

అబద్ధం అక్కడితో ఆగిపోయేదే. కానీ పెద్దమ్మ ప్లేటు నిండా జంతికలు పెట్టి, "పాపం, ఆయనకి పిల్లలెంతమందిరా?" అంది. తిన్న జంతికలకు న్యాయం చేయాలి కదా. ఆనాటి నుంచి ఆదివారానికో ప్లేటు, ప్లేటుకో అధ్యాయం.

ఆ రాయబారి పేరు గులాం హైదర్ సాహెబ్. అఫ్గాన్ రాజుగారి కాలంలో కొలువులో చేరాడు. ఆయన ఆఫీసు గోడకు ఒకటే మేకు. రాజుగారు పోగానే ఆయన ఫొటో దించి అధ్యక్షుడిది తగిలించాడు. అధ్యక్షుడు పోతే ఆ వెనకాయనది. దించినవన్నీ బీరువా వెనక దాచాడు, మళ్లీ ఎవరొస్తారో ఏమో. ఒకసారి పాత ఫొటో దించాడు గానీ కొత్తది ఇంకా కాబూల్ నుంచి రాలేదు. సరిగ్గా అప్పుడే ఎవరో పెద్దమనిషి వచ్చాడు. సాహెబ్ లేచి ఒట్టి మేకుకే సలాం కొట్టాడు. ఆ వారం దేశాన్ని ఏలింది మేకే.

పెదనాన్న బలరాం స్టీల్ ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో, బొగ్గు కాల్చే కొలిముల దగ్గర, పనిచేసి రిటైరైన మనిషి. ఇది విని పేపరు పక్కన పెట్టాడు.

"మా ఫోర్‌మన్లూ అలాగే మారిపోయేవోరు," అన్నాడు. "మేకులాగ నేనుండిపోనాను."

తొంభై రెండు ఏప్రిల్‌లో కాబూల్ ప్రభుత్వం కూలిపోయిందని రేడియో హిందీ వార్తల్లో చెప్పారు. తులసమ్మకు ఆ పూట అన్నం సహించలేదు. బలరాం రిటైరయ్యాక రుఆబాంధా సెక్టారులో ప్లాంటు వాళ్లిచ్చిన క్వార్టరు ఖాళీ చేయమని కాగితం వచ్చిన రోజు ఆవిడ ఇంకా మరిచిపోలేదు.

"ఒరే, సర్కారు పోతే ఆయన్ని కూడా క్వార్టరు ఖాళీ చెయ్యమంటారేటి?"

యుగంధర్ నోట్లో జంతిక ఉంది. ఆలోచనకు చోటు లేదు. "నోటీసు ఇచ్చేశారు పెద్దమ్మా," అన్నాడు.

శుక్రవారం వెళితే ఆవిడ సాహెబ్‌కని జంతికల పొట్లం కట్టిచ్చింది. వీధి మలుపు తిరిగేలోపే పొట్లం ఖాళీ అయింది.

ఆదివారం వెళ్లేసరికి పెరటి గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. సున్నం వాసన. నులక మంచం మీద కొత్త దుప్పటి, కిటికీకి పాత చీరతో కుట్టిన తెర. పెదనాన్న స్టూలెక్కి గోడకు మేకు కొడుతున్నాడు.

"ఆయన ఎవరి ఫొటో పెట్టుకున్నా మేమేటీ అనం," అంది తులసమ్మ. "పెట్టుకోపోయినా అనం."

"ఈ గది అద్దెకిద్దామనుకున్నారు కదా?"

"రైల్వే గార్డు సూర్యారావు అడిగినాడురా. పెళ్లాం ఛాయ నిండు చూలాలు. క్యాంప్ ఒకటి బస్తీలో ఆ ఇరుకు గదిలో గాలాడదంట. లేదని పంపీసినాను. ఏటి చేస్తాం, వాళ్లకి ఊరైనా ఉంది. ఈయనకి దేశమే లేదు."

యుగంధర్ ఆ పూట జంతికలు అడగలేదు.

తులసమ్మ పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని ఉంది. గేటు దగ్గర రిక్షా ఆగి ఉంది. "పద, నేనే పిలుస్తాను. పెద్దమనిషిని కుర్రాడి చేత కబురంపి పిలిపించకూడదు."

"ఆయన లేడు పెద్దమ్మా. మాస్కో వెళ్లిపోయాడు. గురువారమే."

"గురువారమా?" ఆవిడ గేటు వైపు నడవబోయి ఆగింది. "మరి శుక్రవారం పొట్లం ఎవరికిచ్చావు?"

సుత్తి చప్పుడు ఆగిపోయింది.

విమానం ఆలస్యమైందని చెప్పొచ్చు. పార్సిల్ చేశానని చెప్పొచ్చు. అబద్ధాలకేం, యుగంధర్ దగ్గర గోదాము ఉంది. కానీ గోడ మీద కొత్త మేకు అతన్నే చూస్తోంది.

"నేనే తిన్నాను. రాయబారి లేడు పెద్దమ్మా."

"మేకుకి కొట్టిన ఆ సలామో?" పెదనాన్న స్టూలు మీది నుంచే అడిగాడు.

"అదీ నేనే."

"రెండో ఏడు పరీక్ష?"

"తప్పాను."

తులసమ్మ మంచం మీద కూర్చుని కొత్త దుప్పటి ముడత సరిచేసింది.

"రిక్షా వచ్చీసింది కదా, నువ్వెక్కు. గార్డింటికెల్లి గది ఉందని చెప్పు. మొన్నెందుకు లేదన్నామో అదీ నువ్వే చెప్పు."

రాయబారిని పుట్టించినవాడికి మొదటి రాయబారం అలా దొరికింది.

క్యాంప్ ఒకట్లో ఛాయ తలుపు తీసింది. ఒక చెయ్యి నడుం మీద, రెండో చేతిలో విసనకర్ర.

"గది ఉందక్కా. వచ్చెయ్యమన్నారు."

"ఎవరో పెద్దాయనకి ఇచ్చీసినారన్నారు గదా?"

ఖాళీ చేసేశాడంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆవిడ విసనకర్ర ఆపేసింది.

"మాకోసం ఆయన్ని పొమ్మన్నారేటి? ఉండడానికి చోటు లేనాయనంట. పాపం, ఇప్పుడెక్కడికెల్తాడు?"

"ఎక్కడికీ వెళ్లడక్కా," అన్నాడు యుగంధర్. "మీ గుమ్మంలోనే నిలబడ్డాడు. జంతికల కోసం నేనే పుట్టించాను."