మోతి పేరున పిడికెడు కొర్రలు

మా కుక్క మోతికి పడిన కాటు అసలు నా పిక్కకు పడాల్సింది. సంగటి గంప నెత్తిన పెట్టుకొని చేనికి పోతుంటే, పక్కింటి హనుమన్న కుక్క కట్టు తెంపుకొని నా మీదికి ఉరికింది. మోతి మధ్యలో దూరింది. తోడేలంత కుక్క ముందు ఇదెంత! తొడ మీద కరిపించుకొని, మూలుగుతూ నా వెనకే చేనిదాకా వచ్చింది.

మా ఆయన ప్రేమయ్యకు అన్నిటికీ ఒకటే మందు, బెల్లం సున్నం. మనిషి కాలు బెణికినా అదే, ఎద్దు కుంటినా అదే. రెండూ కలిపి కాటు మీద మందంగా పట్టు వేశాడు. అది ఎండి రాయిలా బిగుసుకుంది.

“చూడు, రగతం చుక్క కూడా కారలే. మానిపోతాది,” అన్నాడు మీసం దువ్వుకుంటూ.

పైకి నిజంగానే బాగుంది. కానీ ఒకట్రెండు రోజుల్లోనే తొడ వాచింది, ముట్టుకుంటే వేడి, దగ్గరికి పోతే వాసన. ఆ పొద్దున సంగటి ముద్ద పెడితే మోతి మొహం తిప్పుకుంది. ఎంగిలి కంచం కూడా నాకందే వదలని మొండిది సంగటి వద్దంటే ఇంక నేను ఆగలేకపోయాను.

“కమలాపురం పశువుల ఆసుపత్రికి తీసుకపోదాం పా,” అన్నాను.

“ఆడికి ఎద్దుల్ని, బర్రెల్ని తోలుకపోతారు. కుక్కను తీసుకపోతే నవ్వుతారే!”

“నవ్వనీ. నవ్వితే నీ మీసమేమన్నా రాలిపోతాదా?”

కాటు పడిన రోజు నుంచి హనుమన్నతో నేను మాట మానేశాను. మా గొడవ విని బండి కట్టుకొచ్చింది అతనే. “ఎక్కు అక్కా,” అన్నాడు తల దించుకొని. తిట్టు నోటిదాకా వచ్చింది గానీ, మింగేసి మోతిని ఒళ్లో పెట్టుకొని ఎక్కాను. నా వెనకే ప్రేమయ్యా ఎక్కాడు. ఆ పూట అతని బండి లేకుంటే ఏమయ్యేదో!

ఆసుపత్రిలో ఎవరూ నవ్వలేదు. కరిచిన కుక్క ఎలా ఉందని డాక్టరు ముందుగా హనుమన్నను అడిగాడు.

“కట్టేసినా సార్. బాగానే తింటాండాది.”

“ఇంకొన్నాళ్లు కట్టేసే ఉంచు. ఏమాత్రం తేడా కనిపించినా వెంటనే రా.”

పట్టు నానబెట్టి తీయగానే గిన్నెడు చీము కారింది. ప్రేమయ్య గోడవైపు తిరిగాడు.

“పంటి గాటు పైకి చిన్నది, లోపల లోతు. మూత వేస్తే చెడంతా లోపలే ఉండిపోతుంది,” అన్నాడు డాక్టరు, కోప్పడకుండా. “కరిచిన రోజే ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఏమీ పూయకుండా తీసుకురండి. వాపు గానీ వాసన గానీ వచ్చినా, తిండి మానేసినా, పూట కూడా ఆగొద్దు. రేపు వచ్చి ఉంటే నేను చేసేదేమీ ఉండేది కాదు.” సూది వేసి పంపించాడు. ఆయన చల్లగా ఉండాలి.

ఆ తర్వాత ఉప్పునీళ్లు కాచి కడిగింది ప్రేమయ్యే. కడిగినంతసేపూ “తప్పయిపాయనే” అని దానితో చెప్పుకునేవాడు.

వండేటప్పుడల్లా దేవునికని పిడికెడు గింజలు తీసిపెట్టడం మా ఆడవాళ్ల అలవాటు. మోతి మళ్లీ సంగటి తిన్న వారం అలా కూడిన నా కొర్రల కుండ చర్చికి తీసుకుపోయాను. కృతజ్ఞత చెల్లించేవాళ్ల పేర్లు పాస్టరు అయ్యగారు చదివితే వాళ్లు లేచి నిలబడాలి.

“ఎవరి పేరు చదవాల రత్నమణీ?”

“మోతి పేరు అయ్యా.”

“కుక్క పేరు ఈడ ఎట్ల చదివేదమ్మా?”

“నాకు పడాల్సిన కాటు అది తినింది. ఇంకెవరి పేరు చెప్పమంటారు?”

అయ్యగారు కాగితం మీద ఆ పేరు రాసుకున్నాడు. అందరి ముందూ గట్టిగా చదివాడు: “మోతి పేరున, కొర్రలు.”

బయట గడప దగ్గర పడుకున్న మోతి తన పేరు విని తోకతో నేలను టపటపా కొట్టింది. జనమంతా నవ్వారు. ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే దాని బదులు నేను లేచాను, అది కాపాడిన నా రెండు కాళ్ల మీద నిలబడ్డాను.