పప్పు ఏరే కుర్చీ

ఆ ఉదయం నర్సీపట్నంలోని ఆ మేడింట్లో ముగ్గురున్నారు. జీడిపప్పు వ్యాపారం చేసే అచ్చియమ్మ గారు, ఆవిడ కోడలు సాయిలక్ష్మి, పొట్టు తీసే అప్పలలక్ష్మి. పెరట్లో రేకుల షెడ్డు కింద జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళూ ఉన్నారు కానీ, వాళ్ళని ఇంట్లో ఉన్నట్టు ఎవరూ లెక్కేయరు. నిన్నటిదాకా షర్మిల ఆ షెడ్డు మనిషే. ఇవాళ మొదటిసారి చెప్పులు విప్పి, గడప దాటి, నాలుగో మనిషైంది.

ముందుగదిలో ఫ్యాను కింద ఒక కుర్చీ ఖాళీ అయింది. పొట్టు తీసిన తెల్లపప్పుని విడని గుండు, బద్ద, ముక్క అని ఏరి వేరుచేసే కుర్చీ అది. షెడ్డులో కూలి కిలోల లెక్క. జీడిసొన తగిలి చెయ్యి బొబ్బలెక్కితే ఆ రోజు కూలి గోవిందా. ఈ కుర్చీకి గంటల లెక్క. కూర్చున్నంతసేపూ కూలి పడుతూనే ఉంటుంది.

షర్మిలది డేగ చూపు. నిన్న సాయంత్రం అచ్చియమ్మ గారు ఆమెని పప్పు ముట్టుకోనివ్వకుండా, వేలితో చూపించమని పరీక్ష పెట్టింది. ఒక్కటీ తప్పలేదు.

"కళ్ళు బాగున్నాయే పిల్లా. ఆ సేతులే, బొగ్గుల బట్టీలోంచి తీసినట్టున్నాయి. పప్పుకి మచ్చ పడితే కొనేవోడు నా మొకాన కొడతాడు. రేపటికి తెల్లగా సేసుకొనిరా. లేదంటే అప్పలలక్ష్మిని కూకోబెట్టేస్తాను."

షర్మిలదీ అప్పలలక్ష్మిదీ నాతవరం దారిలో ఒకే ఊరు, ఒకే షేర్ ఆటో. ఆ సాయంత్రం ఇంటికెళ్తూ షర్మిల చేతులు కొంగులో దాచుకుని కూర్చుంటే అప్పలలక్ష్మి మోచేత్తో పొడిచింది.

"ఓలమ్మా, దీనికే బెంగా? మెకానిక్కులు డీజిల్తో కడుక్కోరేటి? జీడి మరకకి అదే మందు."

ఆటో దిగాక డ్రైవర్‌ని బతిమాలి సీసాలో రెండు గుక్కలు పోయించింది కూడా తనే. అదే కుర్చీ మీద కన్నున్న మనిషికి ఇంత జాలెందుకని షర్మిలకి తోచనే లేదు. ఆ రాత్రి డీజిల్ పోసుకుని, పాత బొబ్బలు చిట్లి నెత్తురొచ్చేదాకా పీచుతో రుద్దింది. తర్వాత సబ్బుతో కడిగి, పౌడరు అద్దుకుంది.

పొద్దున అచ్చియమ్మ గారు ఆ చేతుల్ని తిప్పి చూసి "పర్లేదే" అంది. షర్మిల కూర్చుంది. పళ్ళెం నిండింది. గుండులో ఒక్క బద్దైనా కలవలేదు.

అటుగా వచ్చిన సాయిలక్ష్మి ఒక పప్పు నోట్లో వేసుకుని, తుపుక్కున ఉమ్మేసింది.

"అత్తయ్యా, డీజిల్ కంపు!"

అచ్చియమ్మ గారు పళ్ళెం వాసన చూసింది. షర్మిల చెయ్యి లాగి వేళ్ళ పగుళ్ళు వాసన చూసింది.

"ఏటే రాసుకున్నావు?"

"డీజిలండి. అప్పలలక్ష్మక్క సెప్పింది."

అప్పలలక్ష్మి పొట్టు తీస్తున్న చెయ్యి ఆపలేదు. "నానా? సదువుకున్న పిల్లకి నాను సెప్పాలేటండీ? పప్పు వాసన లాగేస్తాదని పసిగుంటకీ తెలుసు."

ఇవాళ్టిదాకా తెల్లపప్పు ముట్టుకోని షర్మిలకి మాత్రం తెలీదు.

"దీన్ని ఆటో ట్యాంకులో ఏస్తే యలమంచిలి దాకా నడుస్తాది అత్తయ్యా" అని సాయిలక్ష్మి పడీపడీ నవ్వింది.

"నవ్వింది సాలు, ఆ పళ్ళెం పారబొయ్యి. ఆ డబ్బు దీని పాత కూలిలో కోసేస్తాను."

"షెడ్డులోకే పోతానమ్మగారూ" అంది షర్మిల.

"ఆ సేతుల్తోనా? మళ్ళీ నా గుమ్మం తొక్కావంటే ఊరుకోను. పో."

షర్మిల గడప దిగి చెప్పులు తొడుక్కుంది. వెనక్కి తిరిగేసరికి అప్పలలక్ష్మి అప్పుడే కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"అక్కా, ఒక్కసారి నిజం సెప్పవే..."

"తలుపెయ్యండర్రా, కంపు లోపలికొస్తంది" అని అరిచింది అచ్చియమ్మ గారు.

అప్పలలక్ష్మి లేచి వచ్చింది. మొహం తిప్పుకోలేదు. షర్మిల కళ్ళలోకి చూస్తూనే "బేగి పో, ఆటో ఎల్లిపోద్ది" అని తలుపేసింది.