డోరీన్ పళ్ళెంలో కోడికూర

బ్లీచ్ నీళ్ళలోంచి తీసి ఆరబెట్టిన పళ్ళెం మీద షెర్లీ వేలు ఆనించిందో లేదో, నీలం పక్షులు రెండూ పొలుసుల్లా లేచి వేలికే అంటుకొచ్చాయి. ఆ పిల్లకు పై ప్రాణాలు పైనే పోయాయి.

పళ్ళెం తనదైతే కదా! ఆ ఏడు కెనడాలోని సార్నియా కాలేజీకి మనవాళ్ళు వెల్లువలా వచ్చిపడి, గదులు దొరక్క నానా తిప్పలు పడుతుంటే, తనకు బేస్‌మెంట్ అద్దెకిచ్చి, బస్సు లేనప్పుడు కారులో దింపే డోరీన్ ముసలమ్మది. మొన్న అందులో యాపిల్ కేకు పెట్టి తెచ్చిచ్చింది. వంతెన, చెట్టు, పక్షులు, అన్నీ చైనా బొమ్మలే. కాగితం మీద అచ్చేసి పళ్ళేనికి దించింది మాత్రం ఇంగ్లండులోనట. వాళ్ళ అమ్మమ్మ నాటిదట.

ఒకరు ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వడం బాపట్లలో షెర్లీ వాళ్ళింట ఎన్నడూ లేదు. అందుకే కోడికూర వండి ఆ పళ్ళెంలోనే నిండుగా సర్ది, డోరీన్ టొరంటో డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా ఫ్రిజ్‌లో దాచింది. ఆవకాయ జాడీ ఏళ్ళ తరబడి నూనె, కారం తట్టుకోవడం లేదా, ఇదీ అంతేననుకుంది. ఎంత తెలివి! పాత పళ్ళెం, పైపూత నిండా కంటికానని బీటలు. పసుపు వాటిలోకి దిగి తెల్లగా ఉండాల్సిన చోటంతా పచ్చబడింది. సబ్బుకు పోలేదు. బ్లీచ్‌లో నానబెడితే ఏకంగా పూతే లేచిపోయింది.

చర్చిలో పరిచయమైన జ్ఞానవతి ఆంటీకి ఫోన్ చేసింది.

"పిచ్చిపిల్లా, పగలగొట్టేసెయ్. చెయ్యి జారిందని చెప్పు, జారితే ఎవరూ ఏమనరు. ఈ రూమ్ పోతే ఇంకోటి ఎక్కడ వెతుక్కుంటావ్?"

షెర్లీ పళ్ళెం పైకెత్తింది గానీ చేతులు రాలేదు. అలాగే పట్టుకుని మెట్లెక్కి, అప్పుడే టొరంటో నుంచి వచ్చిన డోరీన్‌కి ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

డోరీన్ ముఖం పాలిపోయింది. పక్షులు పోయిన చోటును బొటనవేలితో తడిమింది. ఇక గది ఖాళీ చెయ్యమంటుందని షెర్లీ ఎదురుచూసింది.

"మా ఆయన పోయాక నాకోసమని వండినవాళ్ళు లేరు," అంది డోరీన్ చివరికి. "ఆ కూర నాకోసమేనా? ఏదీ, తీసుకురా."

కానీ షెర్లీ పళ్ళెం కాపాడుకునే కంగారులో కూరంతా అప్పుడే చెత్తబుట్టలో పారబోసేసింది.