జడ్జి దొర పక్కకు నెట్టిన కప్పు

జడ్జి దొర చనిపోయిన మర్నాడు కూడా పంతులమ్మ ఎప్పటిలాగే పాఠం చెప్పడానికి బంగళాకు వెళ్ళింది. ఆడపిల్లల బడి తెరిచేలోపు ఆయనకు మన మాటలు నాలుగు నేర్పి రావడం ఆమెకు అలవాటు. వెళ్ళకపోతే పాపం, కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తూనే ఉంటాడు.

ఆ ఊళ్ళో పోయినవాళ్ళు ఒక్కసారిగా పోరు. మట్టి చేసి జనం తిరిగొచ్చేసరికి ఇంటి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ కనిపిస్తారు. నోట మాట ఉండదు గానీ, కొన్నాళ్ళపాటు లేచే వేళకు లేచి, అలవాటైన పనులన్నీ చేసుకుని, తర్వాత మెల్లగా రావడం మానేస్తారు. దొరలొచ్చి రాజ్యం మార్చారు గానీ దీన్ని మార్చలేకపోయారు. ఇక్కడ పోతే వాళ్ళకూ ఇంతే.

"మొన్న ఎక్కడ ఆపాం దొరగారూ?" అంటూ పంతులమ్మ కుర్చీ లాక్కుంది. బతికున్నప్పుడు 'ళ' పలకలేక నాలుక మడతేసుకుని తనకు తనే నవ్వుకునేవాడు. ఇప్పుడు చేతులు కట్టుకుని బుద్ధిగా చూస్తున్నాడు. మొన్నటి పాఠం ఆమెకు గుర్తే. పొరపాటుకీ నేరానికీ తేడా ఏమిటని అడిగాడు.

"చెయ్యి జారితే పొరపాటు, చెయ్యి ఎత్తితే నేరం" అంది తను ఆ రోజు.

"అయితే రేవులో జరిగింది పొరపాటు కాదు" అన్నాడు ఆయన, కిటికీలోంచి చూస్తూ.

రేవులో కూలీలు పని ఆపేస్తే, రేవు పెత్తనం చేసే చిన్న దొర వాళ్ళ మీద తుపాకులు పేల్పించాడు. ఆ విచారణ జడ్జి దొర చేతిలో ఉంది. ఆ చిన్న దొర ఉండేదీ ఈ బంగళాలోనే, తినేదీ ఈ బల్ల మీదే.

ఆమె పాఠం ఇంకా మొదలుపెట్టనే లేదు, చెల్లెలు పరుగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా! ఆయన్ని పోలీసులు పట్టుకుపోతున్నారే!"

చెల్లెలి మొగుడు బంగళాలో వంటవాడు. జడ్జి దొర కడుపులోకి విషం వెళ్ళిందని డాక్టరు ముందే చెప్పాడు. ఆ పొద్దున వంటవాడు టీ పెడితే, పోయిన దొర చూసి కప్పు పక్కకు నెట్టేశాడట. పోయినవాళ్ళు తమ ప్రాణం తీసినదాని జోలికి పోరని చిన్నపిల్లలకు కూడా తెలుసు. నూతిలో పడి పోయినవాడు నూతి గట్టు ఎక్కడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

"నేను మాత్రం ఏం చెయ్యను పంతులమ్మా? ఉరి తప్పేలా లేదు" అన్నాడు బంగళా గుమ్మంలో ఎదురైన ఇన్స్పెక్టరు. ఆయన కూతుళ్ళిద్దరూ ఆమె బడిలోనే చదువుతున్నారు, అందుకే కళ్ళలోకి చూడలేకపోయాడు.

"ఆయన కప్పు నెట్టాడు, నిజమే. ఎందుకు నెట్టాడో మనం అడగలేదు కదా? నన్ను చూడనివ్వండి."

ఇన్స్పెక్టరు తల గోక్కుని సరేనన్నాడు.

మర్నాటి నుంచి ఆమె పాఠం వేళకు కాక, ఫలహారం వేళకే వచ్చింది. వంటింట్లోకి మొగుడి బదులు చెల్లెలు దిగింది. పంతులమ్మ ఒకరోజు కప్పు మార్పించింది. ఒకరోజు పాలు మాన్పించింది. ఇంకోరోజు తన ఇంట్లోనే టీ కాచి, చెంబు కొంగుతో పట్టుకుని మోసుకొచ్చింది. ప్రతిసారీ జడ్జి దొర మొహం ముడుచుకుని కప్పు నెట్టేశాడు. ఎదురుగా చిన్న దొర రొట్టె నములుతూ నవ్వేవాడు.

"టీకి పరీక్ష పెడుతున్నావా పంతులమ్మా? మార్కులెన్ని?"

"ఇంకా దిద్దుతున్నానండీ."

నవ్వు ఆపి అన్నాడతను, "నీ బడి మూయించడం నాకు చిటికెలో పని."

"మూయించండి. పిల్లలకు మా వసారా చాలు" అందామె, గొంతు పెంచకుండా. ఆ మనిషి తుపాకులు పేల్పించినవాడని మాత్రం మరిచిపోలేదు.

ఒక పొద్దున చిన్న దొర వేటకు వెళ్ళాడు. పంతులమ్మ విసిగిపోయి ఉంది. ఏదీ మార్చలేదు. పాత కప్పు, పాత పాలు, చెల్లెలి టీ. జడ్జి దొర కూర్చుని కప్పు ఎత్తి చివరి చుక్కదాకా తాగేశాడు. ఆ టీ ఎక్కడికి వెళ్ళిందని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. చెల్లెలు నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

పంతులమ్మ మాత్రం ఎదుటి ఖాళీ కుర్చీ వైపు చూసింది. దాని వెనక వరండాలో వేటాడి తెచ్చిన తోళ్ళు ఆరుతున్నాయి. పురుగు పట్టకుండా చిన్న దొర స్వయంగా వాటికి తెల్ల పాషాణం అనే విషప్పొడి రుద్దడం ఆమె ఎన్నోసార్లు చూసింది.

"ఓసి పిచ్చిదానా" అని తనను తనే తిట్టుకుంది. "ఆయన నెట్టింది టీని కాదు."

ఇన్స్పెక్టరు విని చెమట తుడుచుకున్నాడు. "తెల్లవాడి మీద చెయ్యి వెయ్యాలంటే జిల్లా ఏలే పెద్ద దొర రావాలమ్మా."

"అయితే ఫలహారానికి పిలవండి."

పెద్ద దొర వచ్చాడు. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. టీ రాగానే జడ్జి దొర కప్పు నెట్టేశాడు. పంతులమ్మ చిన్న దొర వైపు తిరిగింది.

"బాబూ, కాస్త తోటలోకి వెళ్ళి వస్తారా?"

"ఎందుకు?"

"వెళ్ళు" అన్నాడు పెద్ద దొర.

అతను వెళ్ళిన అలికిడి సద్దుమణగగానే జడ్జి దొర కప్పు దగ్గరకు లాక్కున్నాడు, తీరిగ్గా ఒక గుక్క తాగాడు. పంతులమ్మ చిన్న దొరను మళ్ళీ పిలిపించింది. గుమ్మంలో బూటు చప్పుడు వినగానే పెదాల దాకా వెళ్ళిన కప్పు ఆగింది. జడ్జి దొర దాన్ని బల్ల మీద పెట్టి, వేళ్ళ చివర్లతో దూరంగా జరిపాడు. ఆ తర్వాత తల తిప్పుకుని గోడ వైపు కూర్చున్నాడు.

చిన్న దొర మొహం సున్నం కొట్టినట్టయింది. గదిలో అతని పెట్టె తీయించి పాషాణం డబ్బా బయటికి తెచ్చేలోపే తనే ఒప్పుకున్నాడు. జడ్జి దొర పేపరు చదువుతుండగా కప్పులో కలిపానని, ఆ తీర్పు వస్తే తన బతుకు ముగిసిపోయేదని చెప్పాడు. బేడీలు వేయించి పెద్ద కోర్టుకు పంపారు.

పెద్ద దొర వెళ్తూ వెళ్తూ పంతులమ్మ ముందు టోపీ తీశాడు. ఆ మనిషి ఆ ఊళ్ళో మరెవరి ముందూ తియ్యలేదని ఇన్స్పెక్టరు తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. ఆమె మాత్రం బడికి ఆలస్యమైందని అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

మర్నాడు జైలు తలుపు దగ్గర వంటవాడు బయటికొచ్చాడు. గడ్డం మాసింది, చొక్కా వేలాడుతోంది. పెళ్ళాం చేతులు పట్టుకుని ఏడుస్తుంటే అతను వదినగారి వైపే చూశాడు.

"ఒక్కమాట చెప్పండి వదినగారూ. విషం నేనే పెట్టానని జడ్జి దొరగారు అనుకోలేదు కదా?"

అన్ని రోజులు ఉరితాడు తల మీద వేలాడుతుంటే ఈ మనిషి తలపోసింది ఇదా అనుకుంది పంతులమ్మ.

"అనుకోలేదు మరిదిగారూ. ఆ రోజు టీ తాగి వంటింటి వైపు చాలాసేపు చూశాడు. మీ కోసమే."

"నా టీ బాగాలేకనేమో" అంది చెల్లెలు ముక్కు తుడుచుకుంటూ.

"అదీ ఉండొచ్చు" అన్నాడు వంటవాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. "పదండి పదండి, ఆయన బల్ల దగ్గరికొచ్చే వేళయింది."