నల్ల అట్ట మీద దుమ్ము

కిటికీ గట్టు మీద వేలితో గీత గీసి, ఆ వేలు తెచ్చి కోడలి ముఖం ముందు పెట్టింది చెన్నమ్మ.

"ఇదేనా నువ్వు ఊడ్చింది? మీ మామ ఉన్నప్పుడు ఈ ఇల్లు అద్దం మాదిరి ఉండేది." అని దగ్గుతూ గోడ పట్టుకుంది.

గంగ మళ్లీ చీపురు అందుకుంది. ఊడ్చి అరగంట కాలేదు. బంగారు గనుల ఊరు ఊరిగాంలో ఆషాఢం గాలి మొదలైతే అంతే. గని మూతపడి ఇరవై ఏళ్లు దాటినా బంగారం తీసేసిన రాతిపొడి సైనైడ్ దిబ్బలు అట్లాగే ఉన్నాయి. వాటి మీది బూడిద రంగు దుమ్ము లేచి, గని కూలీల లైను ఇళ్ల కప్పుల సందుల్లోంచి దిగి, పరుపుల మీదా బియ్యం డబ్బాల మీదా పరుచుకుంటుంది. రోజుకు మూడుసార్లు ఊడవాలి. పెళ్లయిన పందొమ్మిదేళ్లుగా ఊడుస్తూనే ఉంది. అన్నంలో గరుకు తగిలితే మొగుడు మునేష్ కంచం పక్కకు తోసి, "దినమంతా ఇంట్లోనే ఉంటావు గదా, ఏం పని నీకు?" అనేవాడు. చూపించడానికి ఆమె దగ్గర ఏమీ ఉండేది కాదు. వంట చేస్తే గిన్నె కనిపిస్తుంది, కుడితే రవిక కనిపిస్తుంది. ఊడ్చిన పని ఎవరికీ కనిపించదు. ఊడవకపోతేనే కనిపిస్తుంది.

రెండేళ్లుగా మధ్యాహ్నాలు మాత్రం ఆమెవి. పాత గని కంపెనీ బంగళాలో నడిచే ప్రకృతి కేంద్రంలో మొక్కలకు నీళ్లు పోయడానికి చేరింది. విత్తనం ఎంత లోతులో వేయాలో, వానపాము ఎక్కడ దొరుకుతుందో పిల్లలకు ఆమె చెప్పే తీరు చూసి, అక్కడి టీచరు డయానా ఆమెను తరగతుల్లోకి లాగింది. మునేష్ దానికి మట్టి ఆటలని పేరు పెట్టాడు. బెంగళూరులో పని ముగించి రైలు దిగి ఇంటికొచ్చి, "అయినాయా మట్టి ఆటలు?" అని నవ్వేవాడు. ఆ నవ్వుకు ఆమె అలవాటు పడింది. అలవాటు పడినందుకే ఒక్కోసారి తన మీద తనకు కోపం వచ్చేది.

ఆ నెల డయానా పిల్లలకు దుమ్మును పట్టుకునే పని ఇచ్చింది. నల్ల అట్టలకు వాజలైన్ పూసి, ఇంట్లో ఒకటి, వాకిట్లో ఒకటి కట్టి, వారం తర్వాత భూతద్దం కింద దుమ్ము రేణువులు చూడాలి. ఏడో తరగతి నేత్ర చేయెత్తింది.

"గోడలు గాలి పీల్చవు గదా మిస్! మనిషికి కట్టొద్దా?"

డయానా గంగ వైపు చూసింది. గంగ ఒప్పుకుంది. ఏడు రోజులు, ఊడ్చేటప్పుడు మాత్రం, ఒక అట్టను భుజం దగ్గర పిన్నుతో పెట్టుకుంది. "ఇదేం బిళ్లే, పోలీసోళ్ల మాదిరి?" అని అత్త ఎగతాళి చేసింది.

శనివారం పిల్లలు అట్టలన్నీ బల్ల మీద వరసగా పరిచారు. వాకిలి అట్ట మసకబారింది. గది అట్ట మీద చుక్కలు చుక్కలుగా ఉంది. గంగ భుజం మీది అట్టలో నలుపే లేదు, అంతా బూడిద రంగే.

పిల్లలంతా ఆ అట్ట మీదికి వంగారు. గంగకు ముందు సిగ్గేసింది, తన ఒంటి మీద మురికిని పదిమందీ చూసినట్టు. కాసేపటికి ఆ సిగ్గు పోయింది. పందొమ్మిదేళ్ల పని మొదటిసారి ఒక వస్తువై కళ్ల ముందు ఉంది. చేత్తో పట్టుకోవచ్చు.

ఆదివారం కేంద్రంలో ప్రదర్శన. ఇంటి నంబరు, 'ఊడ్చిన మనిషి: గంగ' అని రాసి అట్టను గోడకు పెట్టారు. మునేష్ స్నేహితుడు శివరాజ్ చూసి వచ్చి మునేష్‌తో చెప్పాడు. సాయంత్రం ఆమె అట్ట తీసుకుని ఇంటికొచ్చేసరికి మునేష్ గుమ్మంలోనే ఉన్నాడు.

"మన ఇంటి గలీజు ఊరంతా చూడాల్నా? నాకు మర్యాద ఉండాదా లేదా? రేపట్నించి ఇంగ ఆడికి పోవద్దు."

"గలీజు ఇంట్లో లేదు. నా మీద ఉండాది. నేను పోతాను."

గొంతు పెంచకుండానే అంది. అంత తేలిగ్గా అనగలనని ఆమెకే తెలియదు. మునేష్ ఇంకా ఏదో అనబోతుంటే లోపలి నుంచి చెన్నమ్మ పిలిచింది.

"అదేందో ఇట్లా తే గంగా."

అట్టను దీపం కిందికి పట్టి ముసలామె చాలాసేపు చూసింది. గోటితో గీకింది. "మీ మామకు కంపెనీ వాళ్లు ఏటేటా ఎద ఫోటో తీసేవాళ్లు," అంది నెమ్మదిగా. "ఊపిరిలోకి రాతి దుమ్ము పోతాదని. ఆయన డ్యూటీ దిగొచ్చి గుడ్డలు విప్పితే దులిపింది నేను. నలభై ఎనిమిదేళ్లుగా ఈ దుమ్ములోనే ఉండాను, ఇల్లు ఊడ్చింది నేను. నన్ను ఎవురూ అడగలా."

"దగ్గు వయసుదిలే అమ్మా," అన్నాడు మునేష్.

"నీకెట్ల తెలుసురా?" అంది తల్లి.

అత్త తన పక్షాన మాట్లాడుతుందని గంగ ఎన్నడూ అనుకోలేదు. ఆలోచిస్తే, అది తన పక్షం కూడా కాదు. చెన్నమ్మ తన కోసం తాను మాట్లాడింది, బహుశా మొదటిసారి. ఇన్నాళ్లూ కిటికీ గట్టు మీద గీత గీసిన ఆ వేలి వెనక ఎంత భయం ఉండిందో, ఆమె కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఆమె ముందు ఎవరు అట్లా గీసి చూపించారో గంగకు ఇప్పుడు అర్థమైంది.

సోమవారం పొద్దున గాలి విపరీతంగా వీస్తోంది. గంగ చీపురు ముట్టలేదు. అత్తకు ఉతికిన చీర కట్టించి, ఆటోలో సర్కారు ఆస్పత్రికి తీసుకుపోయింది. చీటీ రాసే కిటికీ దగ్గర మనిషి తలెత్తకుండా పేరు, వయసు అడిగి రాసుకున్నాడు.

"ఎక్స్‌రేకా? ఏం పని చేస్తా ఉండింది ఈమె? గనిలోనా?"

"నాకేం పనప్పా, ఊరికే ఇంట్లో..." అని చెన్నమ్మ మొదలుపెట్టింది.

గంగ ఆమె చేతి మీద చేయి వేసి, కిటికీలోకి వంగింది.

"దుమ్ములో పని అని రాయప్పా. నలభై ఎనిమిదేళ్ల సర్వీసు."