కుందేలు బొమ్మ సీసా

మా అమ్మాయి గ్రంథాలయంలో పనిచేస్తుంది. చిన్న అక్షరాలు చదవడం దానికి కొత్తేమీ కాదు. కానీ షాంపూ సీసాల వెనక రాసింది చదవడానికి భూతద్దం కొనుక్కుని సంచిలో వేసుకు తిరగడం మాత్రం ఈ ఆరు నెలల నుంచే.

ఎవరో ఫోనుకి ఒక వీడియో పంపారు. అది చూసిన రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే స్నానాల గదిలోవీ, వంటింటి గట్టు కిందవీ అన్నీ మూటగట్టి గుమ్మం బయట పెట్టింది. సబ్బులు, టూత్‌పేస్టు, బట్టల పొడి, నేల తుడిచే మందు, ఏదీ మిగల్లేదు. "జంతువుల మీద పరీక్షలు చేసి అమ్మే సరుకు ఇక మనింట్లోకి రాకూడదమ్మా" అంది. సరేనన్నాను. మూడు రోజులు ఉప్పుతో పళ్ళు తోముకున్నాను.

ఆ వీడియో నాకూ చూపించబోయింది. "ఆ కుందేలుని పట్టుకున్న చెయ్యి చూడమ్మా. మనిషి మొహం కనపడదు, చెయ్యి ఒక్కటే. ఎంత నిమ్మళంగా పట్టుకుందో! అదే నాకు ఒళ్ళు జలదరిస్తోంది" అంది. కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయానని బుకాయించాను. కళ్ళజోడు నా నెత్తిమీదే ఉంది. అది గమనించలేదు, నా అదృష్టం.

వీడియోలో చెయ్యి నాది కాదు. నాదైనా అంత నిమ్మళంగానే ఉండేది. పందొమ్మిదేళ్ళు నేను చేసిన పని అదే. ఊరి చివర పరీక్షల కేంద్రంలో కుందేళ్ళ గది. ఎడమచేత్తో మెడ వెనక పట్టుకుని, కుడి బొటనవేలితో కింది రెప్ప లాగి పెట్టేదాన్ని. తెల్లకోటు ఆయన ఒక చుక్క వేసేవాడు. రెప్ప మూసి, కాసేపు అదిమి పట్టి, దాని తల చెక్క పెట్టె కంతలో బిగించేదాన్ని. మందు ఒక కంటికే. రెండోది పోల్చుకోవడానికి. ఇంట్లో మాత్రం ప్యాకింగ్ సెక్షన్ అని చెప్పాను. అసలు సంగతి తెలిసిన మనిషి మా ఆయన ఒక్కడే. ఆయన పోయాక ఇక తెలిసినవాళ్ళు లేరు. అమ్మాయికి తెలియకుండా నేనూ పోతే చాలనుకున్నాను. నాకున్న కోరిక అదొక్కటే.

సరే, కొనడం సంగతి. మా వీధి చివరి దుకాణంలో మొదలుపెట్టాం. అక్కడ సరుకు సర్దే కుర్రదాన్ని మా అమ్మాయి పిలిచి "కుందేళ్ళ మీద పరీక్ష చెయ్యని షాంపూ ఉందామ్మా?" అని అడిగింది. ఆ పిల్ల తల గోక్కుని "పెంపుడు జంతువులవి అన్నీ చివరి వరసలో ఉంటాయక్కా" అంది. వెళ్ళి చూస్తే కుక్కల సబ్బు ఉంది. నేను పడీ పడీ నవ్వాను. అమ్మాయి నవ్వలేదు.

తర్వాత మందుల షాపు, ఆ తర్వాత పెద్ద బజారు. ఒక్కో సీసా తిప్పి, భూతద్దం ఆనించి, ఫోనులో జాబితా చూసి, మళ్ళీ అక్కడే పెట్టేది. నాకు తల ప్రాణం తోకకొచ్చేది. "ఇదిగో, ఇది 'ప్రకృతి సహజం' అంటోందిగా" అంటే, "ఆ ముక్క ఎవరైనా రాసుకోవచ్చమ్మా" అనేది. ఆకుపచ్చ మూత ఉంటే మంచిదనుకున్నాను, అదీ కాదట. టూత్‌పేస్టు ఒకటీ, ఒంటి సబ్బు ఒకటీ దొరకడానికి నెల పట్టింది. దొరికిన రోజు మాత్రం దాని మొహం చూడాలి. చిన్నప్పుడు పరీక్షలో ఫస్టు వచ్చినప్పుడు కూడా అంత వెలగలేదు. అది చూసి నాకు సంతోషం వేసింది, మొహం మాత్రం పక్కకి తిప్పుకున్నాను.

మొన్న ఆదివారం పొద్దున పెద్ద బజారులో నేల తుడిచే మందు దొరికింది. సీసా మీద కుందేలు బొమ్మ, జంతువుల మీద పరీక్షలు చెయ్యలేదని గుర్తుగా. చెవులు నిక్కించుకుని నవ్వుతోంది. నేను కుందేళ్ళని వేలల్లో చూశాను, ఒక్కటీ నవ్వగా చూడలేదు. "అమ్మా, బొమ్మ కూడా ఉంది!" అని బుట్టలో వేసుకుంది. ఆ సంబరంలో భూతద్దం బయటికి తియ్యలేదు. ఆరు నెలల్లో అది తియ్యనిది ఆ ఒక్క సీసాకే.

మూత దగ్గర ముక్కు పెట్టి చూశాను. మాకు ఆ గదిలో సరుకు పేర్లు చెప్పేవారు కాదు, అన్నీ నంబర్లే. పేర్లు తెలియవు గానీ వాసనలు తెలుసు. ఘాటైన నిమ్మవాసన, వెనకాల చేదుగా ఇంకోటి. ఆ వాసనతో ఇంటికొచ్చి ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నానో నాకే తెలుసు. ఆ బొమ్మ కంపెనీ వాళ్ళు తమంతట తాము గీసుకున్నదే. "వద్దే, అది పెట్టెయ్" అనాలి. అంటే "ఎందుకమ్మా?" అంటుంది. ఏం చెప్పను? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బుట్ట పట్టుకు నడిచాను.

పదకొండింటికి ఇంటికి చేరాం. నేల తుడవాలని అప్పుడే సీసా తీసింది. మూత బిగుసుకుపోయింది. పంటి బిగువున తిప్పేసరికి ఒక్కసారిగా ఊడి, మందు చింది ఎడమకంట్లో పడింది. "అమ్మా!" అని కేక పెట్టింది.

ఒక్క అంగలో దాని దగ్గరున్నాను. ఎడమచెయ్యి మెడ వెనక వేశాను. కుడి బొటనవేలు కింది రెప్ప లాగింది. నేను లాగానని అనలేను, వేలే లాగింది. కిటికీ వెలుగులోకి మొహం తిప్పి ఆ కన్ను చూశాను. తర్వాత మంచి కన్ను చూశాను. మళ్ళీ ఇది చూశాను.

"రెండు" అన్నాను. "వాపు లేదు. రేపు ఇదే వేళకి ఒకటికి దిగుతుంది."

నీళ్ళు కొట్టాలన్న సంగతి అప్పుడు గానీ నాకు తట్టలేదు. నా కన్నబిడ్డ కన్ను మండిపోతుంటే ముందు కడగలేదు, ముందు చూశాను. ఆ గదిలో మా పని చూసి రాయించడమే, కడగడం కాదు.

అమ్మాయి కదలకుండా నిలబడిపోయింది. తర్వాత మెల్లిగా నా మణికట్టు పట్టుకుని చెయ్యి తన మెడ మీంచి తీసేసింది. కుళాయి దగ్గరికి పోయి చాలాసేపు కన్ను కడుక్కుంది. సాయం చేద్దామని వెళితే మోచేత్తో అడ్డుకుంది.

"రెండేమిటి?" అంది, కుళాయి కట్టకుండానే.

నేను ఒలికిన మందు తుడవడానికి వంగాను.

"రెండేమిటమ్మా?"

"ఎరుపు. సున్నా నుంచి మూడు దాకా లెక్క."

"నువ్వు ప్యాకింగులో చేశావు కదా?"

"లేదు."

కుళాయి కట్టేసి నా వైపు తిరిగింది. ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా. ఆ చూపు నాకు బాగా తెలుసు. పందొమ్మిదేళ్ళూ ఆ చూపు ముందే నిలబడ్డాను.

"ఈ సీసా సంగతి నీకు తెలుసా?"

"వాసన పట్టాను."

"బజారులోనే?"

"బజారులోనే."

నాకు ఒళ్ళు మండిపోయింది, దాని మీదో నా మీదో తెలియదు. "నన్ను రాక్షసిని చూసినట్టు చూడకు!" అని అరిచాను. "ఆ పని నేను కాకపోతే ఇంకొకత్తె చేసేది! ప్రపంచమంతా తలంటుకుంటోంది, ఒక్కళ్ళయినా వచ్చి ఆ గదిలోకి తొంగిచూశారా? నేను చూశాను. కుందేలు అరవదంటారు, అరుస్తుంది. నీ చెవిన పడకుండా ఆ అరుపంతా నేను విన్నాను."

అరిచి అరిచి నేనే ఆగాను. అది ఎదురు అరిచుంటే బాగుండేది. కుర్చీలో కూర్చుని, తడి తువ్వాలు కంటికి అదుముకుని, నేను మరిచిపోయాననుకున్నది అడిగింది.

"నా చిన్నప్పటి పసుపు షాంపూ?"

ఏడాదికోసారి మా పనివాళ్ళందరికీ ఒక పెట్టె ఇచ్చేవారు. అందులో పిల్లల షాంపూ ఉండేది. కంట్లో పడ్డా మండదు. తలంటినప్పుడల్లా ఇది కళ్ళు బార్లా తెరిచి నన్ను చూసి నవ్వేది. మా అమ్మ తలంటితే ఏడుపు రాదని బళ్ళో గొప్పలు చెప్పుకునేది. ఎందుకు మండదో నాకు తెలుసు. మండినవన్నీ ముందే పోయాయి, కుందేళ్ళతో సహా.

"అదీ" అన్నాను.

"కళ్ళు తగ్గాక ఆ కుందేళ్ళనేం చేసేవారు?"

"తగ్గినా తగ్గకపోయినా ఒకటే."

"ఎంతసేపు చూసేవారు?"

"గంట అయ్యాక ఒకసారి. తర్వాత మర్నాడు అదే వేళకి. ఆపైన మూడో రోజు."

ఇంకేం అడగలేదు. తనంతట తాను ఆటో పిలుచుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. ప్రమాదమేమీ లేదన్నారట. అది నాతో చెప్పలేదు, ఫోనులో గ్రంథాలయం వాళ్ళకి సెలవు చెబుతుంటే విన్నాను. సాయంత్రం అన్నం గదిలోకి పట్టుకుపోయింది.

సోమవారం పొద్దున్నుంచి నా ప్రాణం కుదుట పడలేదు. వంట చేశాను, బట్టలు మడిచాను, మడిచినవి విప్పి మళ్ళీ మడిచాను. తల్లిని, బిడ్డ కన్ను ఎలా ఉందో చూసుకోవద్దా? ఎరుపు తగ్గిందా లేదా ఒక్కసారి చూస్తే చాలు. ఇక ఆగలేక దాని గది దగ్గరికి వెళ్ళి తలుపు తట్టాను.

"ఎలా ఉందే కన్ను? ఒక్కసారి చూపించవే తల్లీ."

లోపల మంచం కిర్రుమంది. తలుపు తెరుచుకోలేదు.

"టైం అయిందా అమ్మా?" అంది లోపల్నుంచి.

అదేం మాటే అనబోయి, వెనక్కి తిరిగి గోడ గడియారం చూశాను. పదకొండు.