దొరికిన కత్తి

నవంబరు పదిహేను వచ్చిందంటే అమెరికాలో సుపీరియర్ సరస్సు దక్షిణపు ఒడ్డునున్న ఆ ఊళ్ళో పెళ్ళి పెట్టుకునే మొనగాడు లేడు. దుప్పుల వేట మొదలయ్యే రోజది. బడికి సెలవు. డాక్టరుగారు సైతం నారింజరంగు కోటేసుకుని అడవిలో నక్కి కూర్చుంటాడు. ఆ రోజు జబ్బుపడ్డవాళ్ళు మర్నాటిదాకా ఓపిక పట్టాల్సిందే.

ఐలా రౌతియోకి పదిహేడేళ్ళు, బడిలో ఆఖరి సంవత్సరం. ఆ ఏడు వేట మొదటిరోజు పొద్దుగూకే వేళకి ఆమె గురికి మంచి మగదుప్పి పడింది. దాని కడుపు కోసి శుభ్రం చేసింది కూడా తనే. తండ్రి నీల్ పక్కన నిలబడి చూశాడు తప్ప చెయ్యి వెయ్యలేదు. వేళ్ళు కొంకర్లు పోతుంటే కత్తి తుడిచి, ఒరలో పెట్టి, కోటు జేబులో దోపి, ఆ కోటుని ట్రక్కు సీటు వెనక పడేసి ఇంటికొచ్చి నిద్రపోయింది. ఆ ఊళ్ళో ప్రతి ఏడూ ఎవరో ఒకరు చేసే పొరపాటే అది.

మర్నాడు చెల్లెలు సిల్వీని ఎక్కించుకుని బడికొచ్చింది. ట్రక్కు ఆపాక చేతితొడుగుల కోసం సీటు వెనక తడిమితే కత్తి తగిలింది. నాలుగున్నర అంగుళాల కత్తి. బడి ఆవరణలో మూడంగుళాలు దాటిన కత్తి కనబడితే ఏడాదిపాటు బహిష్కారమని రూల్. ఆ రూల్ పుస్తకం మీద పిల్లలందరి చేతా, తల్లిదండ్రుల చేతా సంతకాలు పెట్టించారు.

“సీటు కిందికి తోసెయ్యక్కా. ఎవడు చూడొచ్చాడు?” అంది సిల్వీ. దానికి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి.

ఐలా తొయ్యలేదు. అక్టోబరులో ప్రిన్సిపాల్ గోర్డన్ హియతల బడి మొత్తాన్నీ వ్యాయామశాలలో కూర్చోబెట్టి చెప్పిన మాట ఆమెకి గుర్తుంది. పొరపాటున ఏదైనా తెచ్చామని మీకు తెలిస్తే నేరుగా నా దగ్గరికి రండి, వచ్చి చెప్పినవాళ్ళకి ఏమీ కాదు, పూచీ నాది, అన్నాడాయన. పైగా గోర్డన్ పరాయివాడా? నీల్‌తో కలిసి పెరిగినవాడు. శనివారమొస్తే వాళ్ళ పెరట్లో ఉన్న ఆవిరిస్నానపు గదిలో మూడో తువ్వాలు ఆయనదే. ఇంట్లో అంకుల్, బడిలో సార్. అంతెందుకు, ఆ కత్తి ఇచ్చిందే ఆయన. పన్నెండేళ్ళప్పుడు ఐలా మొదటి దుప్పిని కొడితే, ఒర కూడా తన చేత్తోనే కుట్టి బహుమతిగా ఇచ్చాడు.

కత్తిని ట్రక్కులోనే ఉంచి తాళం వేసి, వెళ్ళి ఆయనతో చెప్పింది. గోర్డన్ తనే వచ్చి కత్తి తీసుకున్నాడు. భుజం తట్టాడు.

“మంచి పని చేశావు తల్లీ. క్లాసుకెళ్ళు. ఇది నేను చూసుకుంటా.”

చూసుకున్నాడు మరి, బాగానే చూసుకున్నాడు. ఆయన కత్తి పట్టుకుని పార్కింగులో నడుస్తుంటే, కొడుకుని దింపడానికొచ్చిన ఒకావిడ కారులోంచి ఫోటో తీసి, ఇంటికెళ్ళాక పదింటికి నెట్‌లో ఊరివాళ్ళ పేజీలో పెట్టింది. పదిన్నరకల్లా ఆఫీసులో ఫోన్లు మోగడం మొదలైంది. ఆయుధం చేతికొచ్చిన గంటలోపు పోలీసు అధికారి షెరీఫ్‌కి చెప్పాలి. అదీ రూలే. గోర్డన్ చెప్పలేదు. గంట ఎప్పుడో దాటిపోయింది. పిల్ల తనంతట తను వచ్చి చెప్పిందని రాస్తే, మరి నువ్వేం చేశావయ్యా ఇంతసేపూ అని అడుగుతారు. వచ్చే వేసవిలో ఖాళీ కాబోతున్న, ఆ చుట్టుపక్కల బడులన్నిటికీ పెద్దయిన సూపరింటెండెంట్ కుర్చీ మీద ఆయన కన్నుందని ఊరందరికీ తెలుసు.

అందుకని రిపోర్టు ఇంకోలా రాశాడు. పదింటికి పార్కింగులో తను తనిఖీ చేస్తుంటే ఒక విద్యార్థిని వాహనంలో కత్తి దొరికిందన్నాడు. ఆ మధ్యాహ్నమే ఐలాని ఇంటికి పంపేశారు.

ఆ కాగితం చేతికొచ్చినప్పుడు ఐలాకి కోపం రాలేదు. ఎక్కడో పొరబాటు జరిగుంటుందనుకుంది. తనంతట తాను వచ్చి చెప్పిన విద్యార్థిని బడి బోర్డు క్షమించవచ్చని ఆ రూల్ పుస్తకంలోనే ఒక వాక్యముంది. గోర్డన్ నోరు తెరిచి ఉన్నమాట చెబితే చాలు. జూన్‌లో బడి పూర్తవుతుంది, అడవుల చదువుకి కాలేజీలో ఇప్పటికే వచ్చిన సీటు నిలుస్తుంది. చెప్పకపోతే రెండూ పోతాయి. అంకుల్ చెబుతాడని తండ్రికి తనే ధైర్యం చెప్పింది. నీల్ ఫోను చేస్తే గోర్డన్ ఎత్తలేదు. విచారణ అయ్యేదాకా మాట్లాడకూడదని లాయరు చెప్పుంటాడులే అని నీల్ కూడా సర్దుకున్నాడు.

రెండు వారాల తర్వాత, బడి లైబ్రరీలో విచారణ. ఏడుగురు బోర్డు సభ్యులు బల్లకి అటువైపు. అధ్యక్షురాలు మిసెస్ నియెమి ముందు, ప్లాస్టిక్ సంచిలో, ఒరతో సహా కత్తి. గోర్డన్ నిలబడి రిపోర్టు చదివాడు. చదువుతున్నంతసేపూ ఐలా ఆయన ముఖం వైపే చూసింది. ఇప్పుడు చెబుతాడు, ఈ పేజీ తిప్పాక చెబుతాడు అనుకుంటూ కూర్చుంది. ఆయన ఆమె పేరు ఒక్కసారి కూడా పలకలేదు. విద్యార్థిని అన్నాడు. ఆయుధం అన్నాడు. తన చేతులతో కుట్టిన ఒరని చూపించి అది కూడా ఆయుధంలో భాగమే అన్నాడు.

“నేనే వచ్చి చెప్పానండీ,” అంది ఐలా. “పొద్దున ఎనిమిదింటికి. సార్‌ని అడగండి.”

మిసెస్ నియెమి అడిగింది.

“ఆరోజు నా గదికి చాలామంది పిల్లలొచ్చారు. ఈ అమ్మాయి ఈ సంగతి చెప్పినట్టు నాకు గుర్తులేదు,” అన్నాడు గోర్డన్.

నీల్ కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు గదంతా వినబడింది. లేచాడు. నలభై ఏళ్ళ స్నేహితుణ్ణి అలా చూస్తూ నిలబడ్డాడు.

ఒర మడత విప్పి చూడమంది ఐలా. మిసెస్ నియెమి కళ్ళద్దాలు సర్దుకుని, తోలు మీద కాల్చి రాసిన అక్షరాలు పైకి చదివింది. ఐలాకి, మొదటి దుప్పికి, అంకుల్ గోర్డన్. బోర్డువాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇక దాచడానికేం లేదు, ఇప్పుడైనా బయటపడతాడు అనుకుంది ఐలా.

గోర్డన్ కొంచెం నవ్వాడు. “ఊళ్ళో పిల్లలకి నేను బహుమతులిస్తూనే ఉంటాను. ఇచ్చింది వేటకి. బడికి తెమ్మని కాదు కదా.”

ఇద్దరు ముగ్గురు సభ్యులు కూడా నవ్వారు. ఆ నవ్వుతో తేలిపోయింది. ఏడుగురిలో ఐదుగురు చేతులెత్తారు. ఏడాది బహిష్కారం, బడి ఆవరణలో అడుగు పెట్టకూడదు.

ఐలా ఏడవలేదు. కత్తి పోయినందుకు కాదు, చదువు పోయినందుకు కూడా కాదు, గుర్తులేదన్న ఆ ఒక్క మాటకి ఆమెకి కోపమొచ్చింది. మర్చిపోయేవాడైతే బాధ ఉండేది కాదు. ఆయనకి ఆమె పుట్టినరోజు కూడా గుర్తే.

శనివారం నీల్ యథాప్రకారం ఆవిరిగది పొయ్యి రాజేశాడు. మేకులకి తువ్వాళ్ళు తగిలించాడు, మూడు. కాసేపు వాటిని చూసి, ఒకటి తీసి మడతపెట్టి లోపలికి పట్టుకెళ్ళాడు.

సోమవారం నుంచి సిల్వీని దింపడం, తీసుకురావడం ఐలా పని. ట్రక్కు రోడ్డుకి అవతలే ఆపాలి. బడి గేటు దగ్గర గోర్డన్ నిలబడి, వచ్చిన ప్రతి పిల్లకీ చెయ్యి కలిపి పలకరిస్తుంటాడు. రోడ్డవతలున్న ఆ పాత ట్రక్కు మాత్రం ఆయన కంటికి ఆనదు.

గురువారం సాయంత్రం సిల్వీ వచ్చి ఎక్కింది. తన కోటు జిప్పు తెగిపోతే ఆ పొద్దున తండ్రి వేటకోటు తొడుక్కుని వెళ్ళింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. ఏమైందని రెండుసార్లు అడిగితే, మెల్లగా చెయ్యి బయటికి తీసి గుప్పిట విప్పింది. మూడు తుపాకీ తూటాలు. జేబు అస్తరు చిరిగి లోపలికి జారిపోయాయిట, రెండో పీరియడ్‌లో చేతికి తగిలాయి.

“పొద్దుటి నుంచీ నీ దగ్గరే ఉన్నాయా?”

“లెక్కల క్లాసులో ఉన్నాయి. భోజనాల దగ్గరున్నాయి. ఇప్పుడు గేటు దగ్గర గోర్డన్ సార్ చెయ్యి కలిపితే ఎడంచెయ్యి ఇచ్చా.” సిల్వీ ట్రక్కు తలుపు తాళం నొక్కింది. “ఎవరికీ చెప్పలేదక్కా.”

తూటాలని ఐలా తన చేతిలోకి తీసుకుంది. చెల్లెలి చెమటకి అవి వెచ్చగా ఉన్నాయి. రోడ్డవతల గోర్డన్ ఇంకా పిల్లలకి వీడ్కోలు చెబుతూనే ఉన్నాడు.

“మంచి పని చేశావు,” అంది ఐలా.

ఆ మాట తన నోటి నుంచి రావడం విని, అప్పుడు ఏడ్చింది.